సెలవుదినములు - పాడుపడిన కాలువలు

ఇంగ్లండు దేశమున ఉద్యోగులు, విద్యార్థులు, పింఛనుదారులు కొందరు తమ సెలవుదినములను విహారములతో గడపక, పాడుపడిన పడవకాలువలను బాగుచేయుటకు వినియోగించుచున్నారు. వీరు కూలి పుచ్చుకొనరు. పైగా భోజనవసతులకై కొంత సొమ్ము తామే చెల్లింతురు. వారము దినములు గ్రామపు చావడిలో నేలపై పరుండి, ఉదయముననే పారలు చేతబట్టి తుప్పలు నరకుదురు, పూడిక తీయుదురు, లాకుల గోడలకు ఇటుకలు పేర్చి సున్నముతో కట్టుదురు. 1970లో ఏర్పడిన వాటర్‌వే రికవరీ గ్రూపు అను సంఘము ఇట్టి శిబిరములను నడుపుచున్నది. ఇది తీరిక గలవారి వేడుకయని త్రోసివేయువారుందురు. మేమట్లు తలపము. ప్రజలకును ప్రభుత్వమునకును ఉండదగిన సంబంధమును గూర్చి ఇందొక పాఠమున్నది.

ఆ కాలువలు బొగ్గును, సరకులను చేరవేయుటకై త్రవ్వబడినవి. రైళ్లు వచ్చిన పిమ్మట వాని రాబడి తగ్గెను; మోటారుబండ్లు మిగిలినదానిని హరించెను. 1948లో అందధికభాగము ప్రభుత్వపరమైనను దుస్థితి తొలగలేదు. షేక్‌స్పియరు జన్మస్థానమగు స్ట్రాట్‌ఫర్డునకు పోవు కాలువ చరిత్ర ఇందుకు తార్కాణము. వంతెన నొకదానిని మరల కట్టు వ్యయమును తప్పించుకొనుటకై స్థానిక కౌన్సిలు 1958లో ఆ కాలువను మూసివేయ ననుమతి కోరెను. మూడేండ్లుగా రాకపోకలు లేవని దాని వాదము. చిన్న దోనెపై పోయినవారు చెల్లించిన సుంకపు రసీదొకటి బయటపడగా ఆ వాదము నిలువలేదు. 1959లో అనుమతి నిరాకరింపబడెను. పిమ్మట నేషనల్ ట్రస్టు దానిని కౌలునకు గైకొని 1961లో పని ప్రారంభించెను. స్వచ్ఛంద సేవకులతోపాటు సైనికులును, ఖైదీలును పాటుపడిరి. 1964 జూలైలో 13 మైళ్ల కాలువపై పడవలు మరల నడచెను.

1968లో వెలువడిన రవాణా శాసనము పెక్కు కాలువలను నిరుపయోగములని వేరుపరచి, తక్కువ ఖర్చుతో ఎట్లో ఒకట్లు ఉంచిన చాలునని విధించెను. ఆ సంవత్సరముననే మాంచెస్టరు చెంతనున్న ఆష్టను కాలువలో సుమారు 600 మంది దిగి, రెండు దినములలో రమారమి 2000 టన్నుల చెత్తను ఎత్తిపోసిరి. 1974లో ఆ కాలువ తెరువబడెను. పారలతో ఎత్తిన మట్టి యెంత? యంత్రములు అంతకు పదింతలు ఎత్తగలవు. కాని ఇందరు చెమటోడ్చుచున్న కాలువను చచ్చినదని చెప్పుటకు ఏ అధికారికిని నోరాడదు. సేవకుల శ్రమ ప్రభుత్వధనమునకు బదులు గాలేదు. ఆ ధనమును రాబట్టిన సాక్ష్యమయ్యెను.

మన దేశమున ఈ మాట చెప్పునప్పుడు జాగ్రత్త వలయును. గట్టుపని యనగానే మనవారికి జ్ఞప్తికి వచ్చునది సేవ గాదు, నిర్బంధము. కుడిమరామత్తు ఆచారమునకు 1858లో మద్రాసు ప్రభుత్వము శాసనబలము నిచ్చి, గండ్లు పడినప్పుడు గ్రామస్థులను బలవంతముగా పనిలోనికి దింప నధికారము గైకొనెను. పెదగంజాము నుండి మద్రాసు మీదుగా మరక్కాణము వరకు సుమారు 420 కిలోమీటర్లు సాగు బకింగుహాము కాలువలో కొంత భాగము ధాత కరువునాళ్లలో ఆకలిగొన్న జనులచే త్రవ్వబడినది; 1878లో దానికి గవర్నరు పేరు పెట్టిరి, త్రవ్వినవారి పేరులు పెట్టలేదు. ఆ కాలువ 2008లో జాతీయ జలమార్గములో భాగముగా ప్రకటింపబడినను పెక్కుచోట్ల పూడియే యున్నది. ప్రకటన వలన పూడిక తొలగదు.

కావున మన యువకులును వేసవిలో కాలువలు కట్టివేయు దినములందు పారలు పట్టుట మంచిదే. అయినను మూడు నియమములు పాటింపవలయును. మొదటిది, వచ్చువారు తమంత తాము రావలయును. రెండవది, సేవ పేర బీదలు మట్టి మోయగా భూస్వాములు గట్టుమీద గొడుగు పట్టించుకొని నిలుచుండరాదు. నీటి ఫలము నెక్కువగా అనుభవించువారే ముందు దిగవలయును. కూలి చేసి బ్రదుకువానికి ఒకనాటి శ్రమదానము ఒకనాటి పస్తు. మూడవది, పని ముగిసిన పిమ్మట కాలువను కాపాడు భారము ఏ శాఖదో, ఎంత ధనము కేటాయింపబడినదో ముందుగానే వ్రాతమూలముగా తేలవలయును. ఈ మూడును లేనిచో తీసిన పూడిక మరుసటి వానలకే తిరిగి చేరును.

ప్రభుత్వము చేయవలసిన పనిని ప్రజలు ఊరక నెత్తికెత్తుకొనుట సేవ కానేరదు. తాము చేయగలది చేసి చూపి, మిగిలినది చేయుమని నిలువదీయుటయే పౌరధర్మము. పార పట్టిన చేతికి లెక్క అడుగు హక్కు కలదు.