గ్యాసేలే అనుకునే ముందు

మన ఇళ్ళల్లో నలభై దాటిన ఆడవాళ్ళ బాధలన్నిటికీ ఒకటే పేరు, గ్యాస్. పొట్ట ఉబ్బరంగా ఉన్నా గ్యాసే, రెండు ముద్దలకే కడుపు నిండినా గ్యాసే. మా పిన్ని కూడా ఆరు నెలలు వాము నీళ్ళు తాగింది. "చేతులు సన్నబడుతున్నాయి, లంగా బొందు మాత్రం చాలట్లేదే" అంటే, "వయసొస్తోంది పిన్నీ" అని అందరం నవ్వాం. స్కానింగ్ తీయించేసరికి అండాశయ క్యాన్సర్, మూడో దశ. ఆ నవ్వు నన్ను ఇప్పటికీ గుచ్చుతూనే ఉంది.

ఈ జబ్బుకి గడ్డ చాలాసార్లు చేతికి తగలదు. తగ్గని కడుపు ఉబ్బరం, కొంచెం తినగానే చాలనిపించడం, పొత్తికడుపులో నొప్పి, మాటిమాటికీ మూత్రానికి వెళ్ళాల్సి రావడం. ఇవే ముఖ్యమైన గుర్తులు. ఇవి మనందరికీ ఎప్పుడో ఒకప్పుడు వచ్చేవే, చాలాసార్లు క్యాన్సర్ కాదు కూడా. తేడా ఎక్కడంటే, ఇవి కొత్తగా మొదలవుతాయి, మళ్ళీ మళ్ళీ వస్తాయి. నెలలో 12 రోజులు, అంతకు మించి వస్తుంటే డాక్టరుకి చూపించుకోవాల్సిందే. యాభై దాటినవాళ్ళయితే మరీ ముఖ్యం.

"నాకు గర్భసంచి తీసేశారుగా, ఇంకేం భయం?" అంటారు చాలామంది. గర్భసంచి తీసినా చాలాసార్లు అండాశయాలు ఉంచేస్తారు. మీ ఆపరేషన్ కాగితాలు తీసి ఒకసారి చూసుకోండి. పాప్ స్మియర్ చేయించుకున్నామన్న ధీమా కూడా వద్దు. అది గర్భాశయ ముఖద్వారానికి చేసే పరీక్ష, అండాశయాల సంగతి చెప్పదు. వీటికి అల్ట్రాసౌండ్, సీఏ 125 అనే రక్తపరీక్ష చేయిస్తారు. అమ్మకో అక్కచెల్లెళ్ళకో రొమ్ము క్యాన్సర్ గానీ అండాశయ క్యాన్సర్ గానీ వచ్చి ఉంటే, ఆ మాట డాక్టరుకి మనమే ముందుగా చెప్పాలి.

నన్నడిగితే, మన ఆడవాళ్ళకి ఓపిక ఎక్కువ కావడమే ఇక్కడ ముప్పు. వంటింటి క్యాలెండర్‌లో పాలు రాని రోజులు రాస్తాం, సిలిండర్ మార్చిన తేదీ రాస్తాం. కడుపు బాగోని రోజున కూడా ఒక చుక్క పెడదాం. నెలాఖరుకి చుక్కలు లెక్కపెట్టి, పన్నెండైతే ఆ కాగితమే డాక్టరు ముందు పెడదాం. మా పిన్ని క్యాలెండర్‌లో ఆ చుక్కలు పెట్టమని చెప్పేవాళ్ళు లేకపోయారు.