సూది గుచ్చుకుంటె ఎవలు దిక్కు?

మాదాపూర్, గచ్చిబౌలి అద్దాల దవాఖానలల్ల చెత్త మోసేటోళ్లెవలు? ఎక్కువగ మన ఊర్లకెల్లి పోయినోళ్లే, అది గూడ కాంట్రాక్టు మీద. 2016 రూల్స్ ప్రకారం నెత్తురంటిన దూది పసుపు సంచిల, గ్లౌజులు ఎర్ర సంచిల, సూదులు పొడుచుకరాని తెల్ల డబ్బల వెయ్యాలె. వార్డుల ఎవలో తొందర్ల సూదిని సంచిల పడేస్తరు, గుచ్చుకునేది మోసేటోళ్లకు.

రంగుల పటమైతే గోడకు అతికిస్తరు. గోడ మీద నాకెన్నడు కనవడని ముచ్చట ఇంకోటున్నది. గా రూల్స్‌లనే, ఈ చెత్త ముట్టేటోళ్లందరికీ హెపటైటిస్-బి, ధనుర్వాతం టీకాలు దవాఖానే ఏయించాలె, ఏడాదికోసారి పరీక్షలు చేయించాలె. కాంట్రాక్టు మనిషని తప్పించుకునుడు నడ్వది. హెపటైటిస్-బి టీకా మూడు డోసులు, మొత్తం ఆరు నెలలు పడ్తది. అందుకే తమ్మీ, చెల్లే, డ్యూటీల చేరిన్నాడే అడుగుండ్రి. టీకా కార్డు మీ తాన్నే పెట్టుకోండ్రి, సూపర్‌వైజర్‌కు ఇయ్యకుండ్రి.