ఏడుగురెవరో బరిలోనే తేలాలి

సంక్రాంతి వచ్చిందంటే మన పల్లెల్లో చాలాచోట్ల కబడ్డీ పోటీలు జరుగుతాయి. బడి ఆవరణలోనో, కోత కోసిన చేలోనో సున్నంతో గీతలు గీసి ఆడే ఆ ఆటల్లో నలుగురి కంట్లో పడ్డ కుర్రాళ్ళే తర్వాత జిల్లా జట్టు ఎంపికకు వెళతారు. అక్కడ నెగ్గితే శిక్షణ శిబిరానికి పిలుపు వస్తుంది. ‘మావాడు జిల్లాకు ఆడుతున్నాడు’ అని ఊరంతా చెప్పుకుంటుంది. నిజానికి ఆ కుర్రాడికి అసలు పోటీ అప్పుడే మొదలవుతుంది.

జట్టులో ఉండేది 12 మంది. కోర్టులోకి దిగేది ఏడుగురు. మిగిలిన ఐదుగురు బయట కూర్చోవాలి. ఆ ఏడుగురిలో పట్టేవాళ్ళకు నాలుగైదు స్థానాలు పోతే, కూతకు వెళ్ళేవాళ్ళకు మిగిలేవి రెండో మూడో. శిబిరానికి వచ్చేవాళ్ళలో రైడర్లకు మాత్రం కొదువ ఉండదు. ఊళ్ళో చప్పట్లు కొట్టించుకునేది రైడరే కదా! 2014లో ప్రొ కబడ్డీ మొదలయ్యాక ఈ మోజు మరీ పెరిగింది. 2023 వేలంలో పవన్ సెహ్రావత్ అనే రైడర్ను తెలుగు టైటాన్స్ జట్టు 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలకు తీసుకుంది. అంత సొమ్ము మన కుర్రాళ్ళకు అందకపోవచ్చు. ఆశకు మాత్రం అది చాలు.

శిబిరానికి వచ్చే కుర్రాడు ఉట్టి చేతులతో రాడు. కూలి పనికి వెళ్ళేవాడైతే అన్ని రోజుల కూలి పోగొట్టుకుని వస్తాడు. చదువుకునేవాడైతే పాఠాలు మానుకుని వస్తాడు. బస్సు చార్జీలు, బూట్లు, తిండి ఖర్చు ఇంటివాళ్ళు ఎక్కడో సర్ది ఇస్తారు. బెంచీమీద కూర్చున్నా సర్టిఫికెట్ వస్తుంది కదా అనేవారున్నారు. కాని పై జట్టుకు ఎంపిక చేసేవారి కళ్ళు కోర్టులో ఆడినవాడి మీదే ఉంటాయి. ఆడనివాడిని చూసేదెవరు? అందుచేత ఆ ఏడుగురిలో చోటు చిన్న విషయం కాదు. ఒక కుర్రాడి దారి అక్కడే తిరుగుతుంది.

అలాంటి చోటు ఎవరికి దక్కాలో ఎలా తేల్చాలి? ఎవరు ఎక్కువ పాయింట్లు తెస్తే వారికి అనడం తేలిక. కాని పాయింట్ల లెక్క ఒక్కటే చాలదు. ఒక కుర్రాడు బలహీనమైన పట్టువాళ్ళ మీదికి వెళ్ళి పది పాయింట్లు తెస్తాడు. ఇంకొకడు గట్టి కార్నర్ల మధ్యకు వెళ్ళి ఐదు తెస్తాడు. ఎవరు మెరుగు? ఒకడు కూతకు వెళ్ళిన ప్రతిసారీ ఎదురు తెగించి రెండుసార్లు నెగ్గి మూడుసార్లు దొరికిపోతాడు. దొరికిన ప్రతిసారీ జట్టుకు ఒక పాయింటూ పోతుంది, ఒక మనిషీ పోతాడు. ఇంకొకడు ఎదుటి కోర్టులో ఆరుగురో ఏడుగురో ఉన్నప్పుడు నెమ్మదిగా బోనస్ గీత దాటి వస్తాడు. చప్పట్లు మొదటివాడికి పడతాయి. మ్యాచ్ నిలబెట్టేది చాలాసార్లు రెండోవాడు.

ఇంకొక సంగతి కూడా ఉంది. మన పల్లె కుర్రాడు మట్టిలో వట్టికాళ్ళతో ఆడి పెరిగినవాడు. పెద్ద పోటీలన్నీ ఇప్పుడు మ్యాట్ మీదే. మ్యాట్ మీద బూట్లు వేసుకుని తిరగడం, ఆగడం, వెనక్కి మళ్ళడం వేరే విద్య. మట్టిలో జారి తప్పించుకునే అలవాటు అక్కడ పనికిరాదు. పట్నంలో మ్యాట్ మీద రోజూ సాధన చేసేవాడు మొదటి రోజే మెరుస్తాడు. పల్లె కుర్రాడు అడుగు కుదుర్చుకోవడానికి కొన్నాళ్ళు పడుతుంది. మొదటి రెండు రోజుల్లోనే ఏడుగురినీ మనసులో అనేసుకుంటే, అక్కడ గెలిచింది ఆట కాదు, మ్యాట్ వసతి.

కోచ్‌కు స్వేచ్ఛ ఉండవద్దా అని అడగవచ్చు. ఉండాలి. ఏడుగురు మేటి ఆటగాళ్ళను పక్కపక్కన నిలబెట్టినంత మాత్రాన జట్టు కాదు. కుడివైపు నుంచి వెళ్ళేవాడు ఒకడుంటే ఎడమవైపు నుంచి వెళ్ళేవాడు ఒకడు కావాలి. కూతకు వెళ్ళేవాడికి పట్టడం కూడా వస్తే మరీ మంచిది. ఇవన్నీ చూసి నిర్ణయించవలసింది కోచే. ఆ మాట ఒప్పుకోవలసిందే. కాని స్వేచ్ఛ ఉన్నచోట కారణం చెప్పే బాధ్యత కూడా ఉంటుంది. చివరి రోజు సాయంత్రం ఒక కాగితం చదివి, పేరు లేనివాళ్ళు ఇళ్ళకు వెళ్ళండి అనడం ఎంపిక అనిపించుకోదు.

ఎంపికలో అనుమానం చొరబడితే ఏమవుతుందో దేశమంతా 2018లో చూసింది. ఆ ఏడు ఆసియా క్రీడలకు కబడ్డీ జట్ల ఎంపిక సరిగా జరగలేదంటూ మాజీ క్రీడాకారులు ఢిల్లీ హైకోర్టుకెక్కారు. జట్లు జకార్తా వెళ్ళడానికి కోర్టు అడ్డు చెప్పలేదు. తిరిగి వచ్చాక ఎంపికైనవారికీ కానివారికీ మధ్య పోటీ పెట్టమంది. సెప్టెంబరు 15న ఢిల్లీలో ఎంపిక కానివారు ఆడటానికి వచ్చారు. జకార్తా వెళ్ళిన జట్టు రాలేదు. అంతకుముందు ఆ క్రీడల్లో మన పురుషుల జట్టు 1990 నుంచి వరుసగా ఏడుసార్లు గెలిచిన స్వర్ణం ఇరాన్ చేతిలో చేజారింది. ఫైనల్లో మహిళల జట్టూ ఇరాన్ చేతిలోనే ఓడింది. ఓటమికి కారణం ఎంపికేనని మనం తీర్పు చెప్పనక్కరలేదు. ఇరాన్ బాగా ఆడింది. 2023లో హాంగ్‌ఝౌలో మనవాళ్ళు రెండు స్వర్ణాలూ తిరిగి తెచ్చుకున్నారు కూడా. అయినా బరిలో తేలవలసిన విషయం కోర్టు మెట్లెక్కడం ఆటకు గౌరవం కాదు.

జిల్లా శిబిరంలో దీనికి ఖరీదైన ఏర్పాట్లేమీ అక్కరలేదు. ఒక నోటుపుస్తకం, ఒక పెన్ను చాలు. ప్రతి రైడర్‌కూ ఒకే పట్టు జట్టు మీద సమానంగా కూతలు ఇవ్వాలి. తెచ్చిన పాయింట్లు, దొరికినవి, ఉత్త చేతులతో తిరిగి వచ్చినవి వేర్వేరుగా రాయాలి. ఆ కాగితం ప్రతి సాయంత్రం గోడకు అంటించాలి. ఇప్పుడు సెల్‌ఫోన్ లేని ఊరు లేదు. చివరి మూడు రోజుల ఆటలు అందులో తీసి ఉంచితే రేపు వాదనకు తావుండదు. మ్యాట్ అలవాటు లేనివాళ్ళకు ముందుగా కొన్ని రోజులు సాధన ఇచ్చి, ఆ తర్వాతే లెక్క మొదలుపెట్టాలి. శిబిరంలో ఉన్న కుర్రాడికి బంధువైనవారు ఆ ఎంపికలో కూర్చోకూడదు. చోటు దక్కనివాడిని పక్కకు పిలిచి, ‘నీకు ఇది లోపించింది, ఇది నేర్చుకుని మళ్ళీ రా’ అని చెప్పాలి. ఈ ఒక్క మాటతో వాడు వచ్చే ఏడాది రెట్టింపు ఆటగాడై వస్తాడు. ఆడపిల్లల శిబిరాలకూ ఇదే పద్ధతి ఉండాలి.

తల్లిదండ్రులకు, ఊరి పెద్దలకు కూడా ఒక మాట. మనవాడికి చోటివ్వండని ఎవరిచేతో చెప్పించడం మానాలి. సిఫార్సుతో దిగిన కుర్రాడిని ఎదుటి జట్టు కార్నర్ పట్టుకున్నప్పుడు విడిపించే సిఫార్సు ఉండదు. అలాగే బరువు పరిమితి ఉన్న పోటీలకు చివరి రెండు రోజులు తిండీ నీళ్ళూ మానేసి బరువు దించుకునే కుర్రాళ్ళను పెద్దలు వారించాలి. బరువు మొదటి రోజే చూసి, ఎక్కువైతే తగ్గడానికి తగిన వ్యవధి ఇవ్వడం నిర్వాహకుల పని.

ఐదుగురు బయట కూర్చోక తప్పదు. ఎందుకు కూర్చున్నారో తెలిసి కూర్చుంటే వాళ్ళు జట్టుకోసం చప్పట్లు కొడతారు. తెలియకపోతే కొందరు ఆటే మానేస్తారు. కబడ్డీ ఆడే కుర్రాళ్ళను అలా పోగొట్టుకునేంత సంపద మన పల్లెలకు లేదు. వచ్చే శిబిరానికైనా జిల్లా కబడ్డీ పెద్దలు గోడమీద ఆ కాగితం అంటిస్తారని ఆశిద్దాం.