నెత్తురు చుక్క బాకీ

గూడూరు మండలంలో ఏ తండాకైనా, ఏ కోయ గూడేనికైనా వైద్య సిబ్బంది వచ్చి నెత్తురు పరీక్ష చేయాలంటే మనవాళ్లు చెయ్యి చాపుతారు. సర్కారోళ్లు వచ్చిండ్రంటే మన మంచికేనని నమ్ముతారు. జన్యు పరిశోధనకు మొదటి పెట్టుబడి ఆ నమ్మకమే. యంత్రాలు, నిధులు దాని తర్వాతే. ఆ పెట్టుబడికి చదువుకున్న మనమంతా లెక్క చెప్పాలి.

ఆ చుక్కలో ఎంత ఉందో చూడండి. మనిషి జన్యు రాతలో సుమారు 300 కోట్ల అక్షరాలు. బీటా గ్లోబిన్ జన్యువులో ఒక్క 'ఎ' ఉండాల్సిన చోట 'టి' పడితే గుండ్రని ఎర్రకణం కొడవలిలా వంగుతుంది. సన్నని నాళాల్లో అడ్డం పడి ఒళ్లంతా నొప్పులు తెస్తుంది. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే, అంటే ఆ మార్పు జన్యువు ఒక్క ప్రతిలోనే ఉన్నవాళ్లయితే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు సికిల్ సెల్ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మన దేశంలో ఈ లక్షణాన్ని 1952లోనే నీలగిరి గిరిజనుల్లో గుర్తించారు. ఈ జబ్బు నిర్మూలనకు జాతీయ మిషన్ మొదలైంది 2023 జులై 1న. కొన్ని రాష్ట్రాలు ముందే కదిలినా, శాస్త్రానికి తెలిసిన సంగతి దేశవ్యాప్త కార్యక్రమం కావడానికి 71 ఏళ్లు పట్టింది. ఆ ఏళ్లలో నొప్పులు ఓర్చుకున్నది అడవి బిడ్డలే.

నమ్మకాన్ని చులకన చేసిన చరిత్ర కూడా మనకు దగ్గర్లోనే ఉంది. 2009లో పక్కనున్న ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు గర్భాశయ ముఖ క్యాన్సర్ టీకా పరిశోధన జరిగింది. తర్వాత విచారణలో చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 పత్రాల మీద సంతకాలు హాస్టల్ వార్డెన్లవి. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఈ తీరును గట్టిగా తప్పుపట్టింది. కన్నవాళ్లకు చెప్పకుండా బిడ్డ మీద పరిశోధన చేయడం ఏ శాస్త్రం?

అమెరికాలోనూ నమ్మకాన్ని ఇలాగే చులకన చేశారు. అక్కడి హవాసుపాయి తెగవాళ్లు మధుమేహం మీద పరిశోధన అని నమ్మి 1990 నుంచి అరిజోనా స్టేట్ యూనివర్సిటీకి నెత్తురిచ్చారు. దాన్ని వాళ్లకు తెలియకుండా ఇతర పరిశోధనలకూ వాడారు. వాళ్లు కోర్టుకెక్కారు. 2010లో విశ్వవిద్యాలయం 7 లక్షల డాలర్లు చెల్లించి, మిగిలిన నెత్తురు నమూనాలను తిరిగి అప్పగించింది. ఇచ్చిన చుక్క మీద ఇచ్చినవాళ్ల హక్కు పోదని లోకానికి చాటింది ఆ చిన్న తెగ.

ప్రయోగశాలలు వద్దని కాదు, ఇంకా కావాలి. ఉస్మానియాలో, కాకతీయలో, సీసీఎంబీలో మన పిల్లలు జన్యువులను చదవాలి. తండా బిడ్డలు కూడా ఆ యంత్రాల ముందు కూర్చోవాలి. కానీ గూడెంలో తీసుకున్న నెత్తురు పరిశోధన పత్రంలో ఒక అంకెగా మిగిలిపోకూడదు. ఎందుకు తీసుకుంటున్నారో కోయ భాషలో, లంబాడీ భాషలో చెప్పాలి. వద్దంటే వినాలి. ఫలితం ఆ ఇంటి గడప దాకా తీసుకెళ్లి, అర్థమయ్యేలా చెప్పి, మందు దొరికే దారి చూపాలి. ఇవి దయతో చేసే పనులు కావు. తెలిపి అంగీకారం తీసుకోవాలని, మేలులో వాటా ఇవ్వాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలే చెబుతున్నాయి.

ఊరికీ ఒక బాధ్యత ఉంది. వాహకురాలంటే రోగి కాదు. పరీక్షలో ఆ మాట తేలినందుకు ఒక పిల్లను వెలివేసినట్టు చూస్తే, సంబంధం తప్పిస్తే, ఆ పాపం మనదే. అలా చూస్తే రేపు పరీక్షకు ఎవరూ రారు, జబ్బు చీకట్లోనే పెరుగుతుంది.

ఆచార్యులారా, పరిశోధక విద్యార్థులారా, ఆశా అక్కలారా, ఊరి పెద్దలారా! మన చదువు, మన ఉద్యోగం, మన పేరు ఏదో ఒక గూడెం నమ్మకం మీద నిలబడ్డాయి. నమూనా తెచ్చిన దారిలోనే ఫలితం పట్టుకొని వెనక్కి వెళ్దాం. ఆ బాకీ తీర్చాకే కొత్త సూది పట్టుకుందాం.