పంట వ్యర్థాల ఫోమ్: తేలికదనం ఒక్కటే చాలదు

పత్తి కట్టె పొడిని మొక్కజొన్న పిండితో కలిపి థర్మోకోల్‌కు బదులుగా గట్టి ఫోమ్ తయారుచేయవచ్చన్న ఆలోచన ఆకర్షణీయమైనదే. నంద్యాల పొలాలలో ముడిసరుకు ఉంది. భౌగోళిక గుర్తింపు పొందిన ఆళ్లగడ్డ రాతి శిల్పాల రవాణాకు అదురును ఓర్చుకునే ప్యాకింగు అవసరమూ ఉంది. అయితే ఈ ఫోమ్ తడికి నిలుస్తుందా అన్న ప్రశ్నకు సమాధానం దొరకనిదే రైతులకు సిఫారసు చేయరాదని నా అభిప్రాయం.

థర్మోకోల్ పరిమాణంలో సుమారు 98 శాతం గాలే. ఆ గాలి మూసుకుపోయిన గదులలో ఉంటుంది. గది గోడలు నీటిని పీల్చవు. పిండి ఫోమ్ స్వభావం వేరు. మిశ్రమంలోని నీరు వేడికి ఆవిరై దానిని ఉబ్బిస్తుంది. ఆవిరి బయటపడేటప్పుడు గోడలు చిట్లి గదులు ఒకదానితో ఒకటి కలుస్తాయి. పిండికి నీరంటే సహజంగానే ఆకర్షణ. కలిసిన గదులు ఆ నీటికి దారి చూపుతాయి.

ఇక్కడ ప్రతి పదార్థమూ ఒక మేలుతోపాటు ఒక కీడునూ తెస్తుంది. అమైలోపెక్టిన్ అధికమైతే ఫోమ్ బాగా ఉబ్బి తేలికవుతుంది, కాని పెళుసుబారుతుంది. అమైలోజ్ పెరిగితే బరువు హెచ్చినా నీటిని కొంత మెరుగుగా తట్టుకుంటుంది. సాధారణ మొక్కజొన్న పిండిలో అమైలోజ్ సుమారు 25 శాతమే. కట్టె పీచు మితంగా ఉంటే గోడలకు బలమిస్తుంది. మితిమీరితే ఉబ్బును అడ్డుకుంటుంది. పెళుసుదనాన్ని తగ్గించే గ్లిసరాల్ తేమను ఆకర్షిస్తుంది. మైనపు పూత నీటిని ఆపుతుంది, కాని పూత పగిలినచోట లోపలి పిండికి రక్షణ లేదు.

కనుక విద్యార్థులు తమ ఫలితాలలో సాంద్రత, సంపీడన బలంతో ఆగిపోరాదు. 24 గంటలు నీటిలో ఉంచిన నమూనా ఎంత బరువెక్కిందో, తేమ గాలిలో నిలిపిన తరువాత ఎంత బలం మిగిలిందో కూడా నమోదు చేయాలి. ఏప్రిల్ ఎండలో గట్టిగా నిలిచిన ఫోమ్ సెప్టెంబరు వానలో లారీపై మెత్తబడితే శిల్పి నెలల శ్రమ వృథా అవుతుంది.

విస్తరణ శాస్త్రవేత్తలు మరొక విషయం మరువరాదు. కొనుగోలుదారు కోసం గట్లపై కుప్ప వేసిన పత్తి కట్టెలో గులాబీరంగు పురుగు తరువాతి పంట వరకు బ్రతికి ఉండగలదు. తీత ముగిసిన వెంటనే కట్టెను ముక్కలు చేసి తరలించే ఏర్పాటు ఉన్నచోటనే ఈ ఆలోచనను ప్రోత్సహించాలి. లేనిచోట ముక్కలు చేసి నేలలో కలపడమే నేటికీ మేలైన సలహా.