నాన్నగారు రాత్రిళ్ళు ఎందుకు లేస్తున్నారు?

కోకాపేటలో 2023లో ఎకరం భూమి నూరు కోట్లు దాటి పలికిందని మీరూ చదివే ఉంటారు. అక్కడొక మేడలో, 20వ అంతస్తున, కొడుకు దగ్గర ఉంటున్నారు నా చిన్ననాటి స్నేహితుడొకాయన. వయస్సు 68. రాత్రికి నాలుగుసార్లు లేస్తారు. కోడలికి మెలకువ వస్తుందేమోనని పాయిఖానాలో నీళ్ళు కూడా వదలరు! సాయంత్రమైతే మంచినీళ్ళు మానేశారు.

"అబ్బాయితో చెప్పలేదా?" అన్నాను.

"ఇదేమన్నా చెప్పుకునే మాటటోయ్?"

అసలు భయం వేరు. ఆయన అన్నగారు ప్రోస్టేటు కాన్సరుతో పోయారు.

మగవారికి మూత్రాశయం క్రింద, మూత్రనాళం చుట్టూ ఉండే చిన్న గ్రంథి ప్రోస్టేటు. వయస్సు మీరినకొద్దీ అది ఉబ్బి నాళాన్ని నొక్కుతుంది. ధార సన్నబడుతుంది, మాటిమాటికీ లేవవలసి వస్తుంది. ఇది చాలామందిలో కాన్సరు కాదు. కాన్సరు తరచుగా గ్రంథి వెలుపలి అంచున మొదలవుతుంది గనుక తొలిరోజుల్లో ఏ బాధా ఉండదు. కాబట్టి హాయిగా నిద్రపోతున్నాను, నాకేం లేదనుకోవడమూ పొరపాటే సుమండీ.

దీనికి పి.ఎస్.ఎ. అనే రక్తపరీక్ష ఉంది. 50 దాటినవారు, తండ్రికో అన్నదమ్ములకో ఈ జబ్బు వచ్చి ఉంటే 45 నుంచే, ఆ పరీక్ష సంగతి డాక్టరుతో మాట్లాడాలి. అంకె పెరిగినంత మాత్రాన కాన్సరని బెంబేలు పడకండి. ఉబ్బినా, చీము పట్టినా పెరుగుతుంది. ఫినాస్టెరైడు మాత్రలు వాడేవారికి దాదాపు సగానికి తగ్గుతుంది. ఆ మాత్రల సంగతి దాచవద్దు. అనుమానముంటే ఎం.ఆర్.ఐ. తీసి, చిన్న ముక్క పరీక్షించి తేలుస్తారు.

కాన్సరే అయినా, నెమ్మదిగా పెరిగే రకమైతే పరీక్షలు చేస్తూ కనిపెట్టి ఉండవచ్చు. లేకుంటే ఆపరేషనో, కిరణచికిత్సో. వీటివల్ల మూత్రం ఆగకపోవడం, దాంపత్యానికి ఇబ్బంది రావచ్చు. ముందే అడిగి తెలుసుకోండి. ఎముకలకు పాకితే పురుష హార్మోనును అణుస్తారు. 1941లో ఆ మార్గం చూపిన చార్లెస్ హగ్గిన్స్‌కు 1966లో నోబెల్ బహుమానం వచ్చింది. హైదరాబాదులో రెడ్‌హిల్స్‌లోని ప్రభుత్వ ఎం.ఎన్.జె. ఆసుపత్రి, బంజారాహిల్స్‌లోని బసవతారకం ఆసుపత్రి కాన్సరుకే ప్రత్యేకం.

మూత్రంలో నెత్తురు కనిపించినా, మూత్రం బొత్తిగా ఆగినా, నడుంనొప్పితో కాళ్ళు పట్టు తప్పినా ఆ రోజే వెళ్ళాలి.

ఇంతకీ మా స్నేహితుని కోడలికి అంతా తెలుసునట. నెల క్రిందటే మామగారి గదినుంచి పాయిఖానా దాకా చిన్న దీపాలు పెట్టించింది. మొన్న రక్తపరీక్షకు ఆమే తీసుకువెళ్ళింది. ఫలితం మంగళవారం వస్తుంది.