చనిపోయినవాడి కులం మీద దర్యాప్తు

2024 మే 3న ఫోన్ తెరిస్తే తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడు భాషల్లోనూ ఒకటే శీర్షిక. రోహిత్ వేముల దళితుడు కాదు. "పోలీసులు" అన్న మాట చివర్లో చిన్న తోకలా వేలాడుతోంది. సాయంత్రమయ్యేసరికి ఆ తోక కూడా ఊడిపోయింది. వాట్సాప్ గ్రూపుల్లో మిగిలింది నాలుగు ముక్కలే: వాడు ఎస్సీ కాదు.

2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ హాస్టల్ గదిలో రోహిత్ చనిపోయినప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. ఇప్పుడు జంషెడ్‌పూర్ పక్కన ఆదిత్యపూర్‌లో అద్దె గదిలో ఉంటూ పీహెచ్‌డీ చేస్తున్నాను. ఆ నివేదిక వచ్చేసరికి ఎనిమిదేళ్లు గడిచాయి. ఈ ఎనిమిదేళ్లలో పోలీసులు తేల్చిందేమిటంటే, ఆయన చావుకు కారణం ఆయనేనట. కులం బయటపడుతుందని భయపడ్డాడట. చదువు కన్నా క్యాంపస్ రాజకీయాలే ఎక్కువ చేశాడట. అప్పటి వీసీ అప్పారావుకి గానీ, లేఖ రాసిన కేంద్రమంత్రి బండారు దత్తాత్రేయకి గానీ, ఎమ్మెల్సీ రామచందర్ రావుకి గానీ, స్మృతి ఇరానీకి గానీ ఇందులో ఏ పాత్రా లేదట.

ఇది చదివి నాకు వచ్చిన మొదటి ప్రశ్న చాలా మామూలుది. జర్నలిజం చదవని నాకే వచ్చింది. కేసులో రెండు చట్టాలున్నాయి. ఒకటి ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం. ఇంకొకటి ఐపీసీ 306, అంటే ఆత్మహత్యకు పురికొల్పడం. మొదటిదానికి చనిపోయినవాడి కులం కావాలి. రెండోదానికి అక్కర్లేదు. చనిపోయినవాడు ఏ కులమైనా 306 వర్తిస్తుంది. మరి దళితుడు కాదని తేలితే 306 ఎలా ఎగిరిపోతుంది? ఆ రోజు నేను చదివిన వార్తల్లో ఒక్కదానిలోనూ ఈ ప్రశ్న లేదు. పోలీసు కాగితం తెచ్చారు, అనువాదం చేశారు, అచ్చేశారు.

పోనీ, ఆ కాగితం మాటే నిజమా? రోహిత్ తల్లి రాధిక పుట్టింది మాల కులంలో. పెరిగింది ఒక వడ్డెర ఇంట్లో, పనిపిల్లలా. పెళ్లి చేసింది వడ్డెర మనిషికి. ఆయన వదిలేశాక పిల్లల్ని తీసుకుని కుట్టుమిషన్ మీద బతికింది. వడ్డెరలు బీసీలు. కాబట్టి తండ్రి బీసీ అయితే కొడుకూ బీసీయే అన్నది 2016లో కేంద్రం వేసిన రూపన్‌వాల్ కమిషన్ లెక్క, ఇప్పుడు పోలీసుల లెక్క. కానీ 2012 జనవరి 18న, రోహిత్ చనిపోవడానికి నాలుగేళ్ల ముందే, రమేష్‌భాయ్ దభాయ్ నాయికా కేసులో సుప్రీంకోర్టు వేరే మాట చెప్పింది. కులాంతర వివాహంలో పుట్టిన పిల్లలకు తండ్రి కులమే ఖాయం కాదు. ఎస్సీ, ఎస్టీ తల్లి దగ్గరే పెరిగి, ఆ కులం పడే అవమానాలు తనూ పడ్డాననీ, చుట్టూ ఉన్నవాళ్లు తనని ఆ కులంవాడిగానే చూశారనీ చూపించే హక్కు వాళ్లకు ఉంది. గుంటూరు కలెక్టర్ 2016లో జాతీయ ఎస్సీ కమిషన్‌కు ఇచ్చిన నివేదికలో రోహిత్ ఎస్సీ అనే రాశారు. తర్వాత అదే జిల్లా యంత్రాంగం ఆ సర్టిఫికెట్ ఎందుకు రద్దు చేయకూడదో చెప్పమని తల్లికి నోటీసు ఇచ్చింది.

తండ్రిని బట్టే కులం అన్న సూత్రం ఎవరిదో ఈ పోర్టల్ పాఠకులకు నేను చెప్పాలా? పుస్తకం పేరు కూడా అక్కర్లేదు, 1927 డిసెంబర్‌లో మహాడ్‌లో బాబాసాహెబ్ ఏం తగలబెట్టారో గుర్తుంటే చాలు. తల్లి పెంచిందా, తల్లి ఏం తిన్నదా, తల్లిని ఎవరు ఏమని పిలిచారా అన్నది లెక్కలోకి రాదు. ఎప్పుడో వదిలేసి పోయిన మగవాడి కులం మాత్రం చచ్చాక కూడా వెంటాడుతుంది.

ఇంకొకటి. యూనివర్సిటీలో సీటు ఆయనకు జనరల్‌లోనే వచ్చిందని అప్పట్లోనే వార్తలొచ్చాయి. మరి కులం బయటపడితే పోయేదేమిటని భయం? నెలకు 25,000 ఫెలోషిప్ ఏడు నెలలు రాలేదు. లక్షా 75 వేలు. ఆ లెక్క ఆయన చివరి ఉత్తరంలోనే ఉంది. ఇక్కడ నా ఫెలోషిప్ ఒక్క నెల ఆగితే ఓనర్‌కు కనపడకుండా మెట్లు ఎక్కుతాను. ఏడు నెలలంటే ఏమిటో ఏ రీసెర్చ్ స్కాలర్‌నైనా అడగండి. ఆ డబ్బు రాకుండానే హాస్టల్ నుంచి గెంటేస్తే, ఐదుగురు దళిత విద్యార్థులు క్యాంపస్‌లో వెలివాడ వేసుకుని చలికాలంలో బయట పడుకున్నారు. ఇవన్నీ వదిలేసి రాసింది, చదువు తక్కువ రాజకీయం ఎక్కువ అని. బతికున్నవాళ్ల మీదా ఇదే మాట. మాలో ఎవరైనా సంతకాల కాగితం పట్టుకుని తిరిగితే చాలు, ముందు అడిగేది థీసిస్ ఎంతవరకు వచ్చిందని.

ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ శీర్షిక నన్ను బాధపెట్టడం కాదు. దానికి అలవాటు పడ్డాను. జంషెడ్‌పూర్‌లో రైల్వేలో చేసి రిటైరయిన ఒక శ్రీకాకుళం పెద్దాయన ఉన్నారు, మనవాళ్లే. ఆదివారం కనపడి అన్నారు: "ఏటి బాబూ, ఆ కుర్రోడు మనోడు కాదటగదా? టీవీలో సెప్పినారు. అనవసరంగా మనం ఏడిసినాం."

"ఎవరు చెప్పారు బాబాయ్?"

"పోలీసోళ్లే సెప్పినారటగదా."

ఎనిమిదేళ్ల కింద ఇంట్లో రోహిత్ ఫొటో పెట్టుకున్న మనిషి ఆయన. రాధికమ్మను కొడుకు నుంచి విడదీయలేకపోయారు కాబట్టి, మనల్ని రోహిత్ నుంచి విడదీసే పని మొదలుపెట్టారు. నాలుగు ముక్కల శీర్షికతో సగం అయిపోయింది కూడా.

ఈ విద్య నాకు ఇక్కడికి వచ్చాకే బాగా అర్థమైంది. ఆదిత్యపూర్ ఉన్నది సరాయికెలా ఖర్సావాఁ జిల్లాలో. 2019 జూన్‌లో ఈ జిల్లాలోనే, ధాత్కిడీహ్ ఊళ్లో తబ్రేజ్ అన్సారీ అనే ముస్లిం యువకుణ్ని దొంగ అని స్తంభానికి కట్టి రాత్రంతా కొట్టారు. జై శ్రీరామ్ అనమన్నారు. వీడియో దేశమంతా చూసింది. పోలీసులు ముందు తీసుకెళ్లింది కొట్టినవాళ్లను కాదు, ఆయన్నే, దొంగతనం కేసులో. నాలుగు రోజులకు, జూన్ 22న, చనిపోయాడు. పార్లమెంటులో ప్రధాని బాధ వ్యక్తం చేస్తూనే జార్ఖండ్ మొత్తాన్ని నిందించడం తగదన్నారు. సెప్టెంబర్‌కి బయటపడిందేమిటంటే, పోలీసులు చార్జిషీటులో హత్య సెక్షన్ తీసేశారు. కారణం? గుండె ఆగి చనిపోయాడట. ఇంకా నయం, ఊపిరి ఆగి చనిపోయాడనలేదు. గొడవ జరిగాక, మళ్లీ వైద్యుల అభిప్రాయం తీసుకుని 302 తిరిగి చేర్చారు. 2023లో కోర్టు పదిమందికి పదేళ్ల శిక్ష వేసింది, అదీ హత్య కింద కాదు, 304 కింద.

ఒకరికి గుండె కారణం, ఇంకొకరికి సర్టిఫికెట్ కారణం. రెండు చోట్లా చావు చచ్చినవాడి ఒంట్లోంచే పుట్టింది. రెండు చోట్లా పత్రికలు ఆ కాగితాన్నే ముందు శీర్షిక చేశాయి.

న్యూస్‌రూముల్లో మనవాళ్లు లేకపోవడం ఇందులో ఎంత అని అడిగేవాళ్లుంటారు. 2006లో ఢిల్లీలో పత్రికలు, చానళ్లలో నిర్ణయాలు తీసుకునే 315 మంది పాత్రికేయుల సామాజిక నేపథ్యం మీద సర్వే జరిగింది. దళితుడు ఒక్కడు లేడు, ఆదివాసీ ఒక్కడు లేడు. ఆ బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లలో ఒక్కరికైనా తల్లి కులం మీద ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగిన అనుభవం ఉంటే, 2012 తీర్పు సంగతేమిటని అడిగేవారు.

అదే మే 3న ఇంకో వార్త కూడా వచ్చింది. అప్పటి తెలంగాణ డీజీపీ రవి గుప్తా ప్రకటన. ఈ నివేదిక 2023 నవంబర్ కన్నా ముందే తయారైంది, మార్చి 21న కోర్టులో దాఖలైంది, రోహిత్ తల్లి అనుమానాలు చెప్పారు కాబట్టి తదుపరి దర్యాప్తుకు కోర్టు అనుమతి కోరతాం అని. మర్నాడు రాధిక ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డిని కలిశారు. అంటే పొద్దున శీర్షికైన కాగితం మీద సాయంత్రానికి ఆ శాఖ పెద్దకే నమ్మకం లేదు. ఈ మాట మా రైల్వే బాబాయ్ దాకా రాలేదు. 2024 మే 13న ఇక్కడ సింగ్‌భూమ్‌లోనూ, అక్కడ తెలుగు రాష్ట్రాల్లోనూ ఓట్లు పడ్డాయి. ఈ నివేదిక పట్టుకుని అప్పుడే క్షమాపణలు అడిగారు, రోహిత్ కోసం మాట్లాడినవాళ్లను.

సంపాదకులను నేను కోరేది ఒక్కటే. "దళితుడు కాదు" అని ఎంత అక్షరాల్లో వేశారో, డీజీపీ ప్రకటన అంతే అక్షరాల్లో వేయండి. పక్కన 2012 తీర్పు నాలుగు లైన్లు తెలుగులో పెట్టండి. అచ్చయితే ఒక కాపీ తీసుకెళ్లి బాబాయ్‌కి నేనే చదివి వినిపిస్తాను.